హులిగెమ్మక్క హోమ్ పేజీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్రార్థన జరుగుతున్నప్పుడు కూడా ఒక కన్ను తెరిచి, వెనక వరసలో గుసగుసలాడేది ఎవరా అని చూసే రకం నేను. అలాంటిదాన్ని పట్టుకుని మా పాస్టరమ్మ, "రూతమ్మా, నీ అంత ఓపికగా కంప్యూటర్ నేర్పించేవాళ్ళు ఇంకెవరున్నారు" అని ఉబ్బేసింది. ఉబ్బిపోయాను. ఆదోనిలో నా కంప్యూటర్ సెంటర్‌ను మంగళవారం, శనివారం మధ్యాహ్నాలు మూసేసి, బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, చర్చి వెనక గదిలో కూలికి పోయే ఆడవాళ్ళకు పాఠాలు చెప్పడం అట్లా నా మెడకు చుట్టుకుంది.

నేర్చుకునే వాళ్ళందరూ చివర్లో తమకంటూ ఒక చిన్న వెబ్‌సైట్ తయారు చేసుకోవాలన్నది మా ఏర్పాటు. రవికలు కుట్టే భీమమ్మ కుట్టుపనికి ఒకటి, వేరుసెనగ చిక్కీలు చేసేవాళ్ళు చిక్కీలకు ఒకటి. మా సెంటర్ పేరు మీద ఉన్న సైట్‌లోనే ఒక్కొక్కరికి కొంచెం చోటు కేటాయించాను.

మొదటి రోజు బోర్డు మీద పెద్దక్షరాలతో 'వెబ్‌సైట్' అని రాశాను. "ఇది ఇంటర్నెట్‌లో మనం కట్టుకునే ఇల్లనుకోండి. ఒక్కొక్క గది ఒక్కొక్క పేజీ. వచ్చినవాళ్ళు మొదట అడుగు పెట్టే గదిని హోమ్ పేజీ అంటారు. ఇంటికి మనం పెట్టుకున్న పేరు డొమైన్. మన రాతలు, ఫోటోలు అన్నీ దాచి ఉంచే పెద్ద కంప్యూటర్ ఎక్కడో ఉంటుంది, అది సర్వర్. దాంట్లో చోటు బాడుగకు తీసుకోవడమే హోస్టింగ్. అక్కడికి మనల్ని తీసుకుపోయేది మన ఫోన్లో ఉండే బ్రౌజర్" అని చెప్పాను.

ఇంత చక్కగా ఎవరు చెబుతారు అని నన్ను నేను మెచ్చుకుంటుండగా భీమమ్మ చెయ్యెత్తింది. "మేడమ్, ఇవన్నీ వాట్సాప్‌లోనే ఉండాయా?"

నా తల ప్రాణం తోకకొచ్చింది. మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి వెనక బల్ల మీద నుంచి ఇంకో గొంతు వినబడింది. నలభై అయిదు దాటిన మనిషి, బక్కపలచగా, పొలం పని చేసి చేసి నల్లబడిన చేతులు. పేరు హులిగెమ్మ. అయిదో తరగతి దాకా చదివిందట, కూడబలుక్కుని చదవగలదు.

"మేడమ్, మనం ఊర్లో లేనప్పుడు ఆ ఇల్లు మూసుంటాదా, తెరిసుంటాదా?"

"తెరిచే ఉంటుందక్కా. సర్వర్‌ను ఎప్పుడూ ఆపరు."

"నా ఫోను ఆపేసినా?"

"ఆపేసినా."

"మా ఈదిలో కరెంటు పోయినా?"

"సర్వర్ మీ వీధిలో ఉందా ఏంది? దాని కరెంటు దానికుంటుంది."

ఆమె అంగడిలో వస్తువు బేరం కుదిరిన మనిషిలా తల ఊపింది. "అట్లయితే నాకొకటి కట్టియ్యి."

"ఏం అమ్ముతావు?" అని అడిగాను.

"ఏమీ అమ్మను. మా తమ్ముడు రావాల."

క్లాసు అయిపోయాక అందరూ వెళ్ళిపోయారు, ఆమె మాత్రం కూర్చునే ఉంది. నాకు బస్సు టైమవుతోంది. చిరాకును అణుచుకుని కూర్చున్నాను. ఆమె చెప్పింది.

తమ్ముడి పేరు ఉరుకుందు. లారీ డ్రైవరు. నాలుగేళ్ళ కిందట వాళ్ళమ్మ చనిపోయినప్పుడు అతను లోడు తీసుకుని మహారాష్ట్రలో ఉన్నాడు, ఫోన్ కలవలేదు. మట్టి చేసేసిన తర్వాత మూడో రోజుకు వచ్చాడు. ఇంటి నిండా చుట్టాలు, వీధి నిండా జనం. గుమ్మం దగ్గరకు రాగానే ఈమె ఎదురుపోయి ఆపేసింది.

"అమ్మ మట్టికి రానోనికి ఈ ఇంట్లో ఏం పని, గడప తొక్కొద్దు అంటి. ఊరంతా ఇంటాండ్రి. వాడు ఒక్క మాట అనలా. ఎనక్కి తిరిగి పోయినాడు. ఆ పొద్దు నుంచి ఫోన్ నంబరూ లేదు, మనిషీ లేడు."

"నువ్వు వెతకలేదా?"

"యాడ ఎతకాల? దేశమంతా లారీలే గదా."

అందుకని ఆమె ఈ నాలుగేళ్ళుగా సుగ్గికి పోలేదు. మా వైపు పల్లెల వాళ్ళకు సుగ్గి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇక్కడ పనులు లేనప్పుడు పిల్లాపాపలతో ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు పత్తి తీయడానికో, మిరపకాయలు కోయడానికో పోయి నెలల తరబడి అక్కడే ఉండిపోవడం. కోసిగిలో ఉన్న ఆమె కూతురు మహాదేవి ఏటా పోతుంది, అమ్మా రా అని పిలుస్తుంది. ఈమె పోదు. తమ్ముడు ఎప్పుడైనా మనసు మార్చుకుని వస్తే, తలుపుకు తాళం కనబడితే ఇంకేమనుకుంటాడు? అక్కకు కోపం పోలేదనుకుని వెనక్కి పోతాడు. మళ్ళీ రాడు. అదీ ఆమె భయం.

"ఈసారి వానల్లేవు మేడమ్. సేన్లన్నీ ఎండిపోతాండాయి, ఈడ కూలి దొరికేటట్ల లేదు. దసరా దాటినాక నేనూ పోవాల్సిందే. ఇంటికి తాళం పడే లోపల, వానికి ఇంకొక తలుపు తెరిసి పెట్టి పోవాల."

నాకు బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సులో నిలబడి ఆదోని దాకా పోయాను. ఆ రోజు కండక్టర్‌తో కూడా పోట్లాడలేదు.

పేజీ తయారీ మొదలుపెట్టాం. ముందు గూగుల్లో 'ఉరుకుందు' అని కొట్టమన్నాను. ఒక్క వేలుతో వెతికి వెతికి కొట్టింది. గుడి వచ్చింది, గుడికి పోయే బస్సులు వచ్చాయి, ఎవరెవరో మీసాల వాళ్ళు వచ్చారు. ఆమె నవ్వింది.

"ఈరన్న సామి పేరు గదా. మా తట్టు ఇంటికొక ఉరుకుందు ఉండాడు. జాత్రలో పిలిస్తే పదిమంది తిరిగి సూస్తారు."

"అదే చెబుతున్నా. ఈ వెతికే యంత్రానికి మనుషులు తెలియదు. పేజీలో ఉన్న మాటలు చదువుకుంటుంది, అంతే. ఎవరో కొట్టిన మాటలు, మన పేజీలో ఉన్న మాటలు ఒకటైతే మన పేజీ చూపిస్తుంది. అందుకని మీ తమ్ముడు ఏ మాటలు కొడతాడో అవే మనం రాయాలి. ఆయన పేరు, ఊరి పేరు."

"వాడు వాని పేరు కొట్టుకోడు" అంది, ఆలోచించకుండా. "కొడితే నా పేరే కొడతాడు."

అంత నమ్మకంగా ఎట్లా చెబుతున్నావని అడగబోయి ఊరుకున్నాను. పేజీకి 'ఎమ్మిగనూరు హులిగెమ్మక్క' అనే పేరు పెట్టాం. ఆమె దగ్గరున్నది తమ్ముడి ఫోటో ఒకటే. లారీ పక్కన నిలబడి, ఎండకు కళ్ళు చికిలించి, మూతి వంకర పెట్టుకున్నాడు. దాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పేజీలోకి ఎక్కించాం. మన దగ్గరున్నదాన్ని సర్వర్‌కు ఎక్కించడం అప్‌లోడ్, అక్కడున్నదాన్ని మన ఫోన్లోకి దించుకోవడం డౌన్‌లోడ్. ఈ రెండింటినీ భీమమ్మ ఇప్పటికీ తారుమారు చేస్తుంది, హులిగెమ్మక్క మాత్రం ఒక్కసారితో పట్టేసింది. "ట్రాలీకి ఎత్తేది, ట్రాలీ నుంచి దించేది, అంతే గదా" అంది.

కింద ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాం. ఉరుకుందూ, నేను మీ అక్కను. ఇల్లు అదే. నీ కోసం సూస్తాండా.

"సైట్ కట్టగానే సరిపోదక్కా, జనం రావాలి. ఇదిగో, దీన్ని లింక్ అంటారు. దీన్ని నొక్కితే నేరుగా నీ పేజీకి వస్తారు. ఎంతమందికి పంపితే అంత మంచిది" అన్నాను.

ఇంటర్నెట్‌లో పంపమని నా ఉద్దేశం. ఆమె శ్రావణ మాసంలో ఈరన్న స్వామి గుడి ఉన్న ఉరుకుంద పోయింది. స్వామి దర్శనం పొద్దున్నే ముగించుకుని, రాయచూరు, బళ్ళారి వైపు నుంచి వచ్చే బస్సులు ఆగేచోట కూర్చుని, దిగిన ప్రతి డ్రైవరునూ పట్టుకుని, "ఈ లింకు మీ డ్రైవర్ల గ్రూపులో ఏసుకో అప్పా, పుణ్యముంటాది" అని అడిగిందట. సోమవారాలు, గురువారాలు నెలంతా అదే పని. నేను సెంటర్లో కూర్చుని చూస్తే, రోజుకొకరిద్దరు తొంగిచూసే పేజీకి వరదలా జనం. వచ్చినవాళ్ళను విజిటర్లు అంటారని, ఎంతమంది వచ్చారో లెక్క కూడా కనబడుతుందని ఆమెకు చూపించాను.

"ఇందరిలో వాడు వచ్చినాడో లేదో తెలుస్తాదా?"

"తెలియదక్కా. ఎవరో వచ్చి చూశారని తెలుస్తుంది గానీ, ఎవరన్నది తెలియదు."

"ఊరికే వాకిట్లో నిలబడి సూసిపోయినట్ల."

"అంతే."

ఆమె ముఖం చిన్నబోయింది. పేజీని ఎట్లా మార్చాలో నాకూ నేర్పు అంది. సరేనని యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చాను. "యూజర్‌నేమ్ అంటే నువ్వెవరో చెప్పడం. పాస్‌వర్డ్ అంటే తాళం చెవి. ఈ రెండూ కొట్టి లోపలికి పోవడాన్ని లాగిన్ అంటారు. లోపలికి పోయినవాళ్ళు ఏదైనా రాయొచ్చు, ఏదైనా తీసేయొచ్చు. జాగ్రత్త" అన్నాను. తల ఊపింది. ఆ తల ఊపును నమ్మాను చూడండి, అక్కడే నా ఖర్మ కాలింది.

ఆ శనివారం పొద్దున సెంటర్లో కూర్చుని ఆమె పేజీ తెరిచాను. అన్నిటికన్నా పైన, లావు అక్షరాలతో ఇట్లా ఉంది: ఉరుకుందూ, నేను ఇంట్లో లేకపోతే తాళం చెవి ఇది. దాని కింద యూజర్‌నేమ్. దాని కింద పాస్‌వర్డ్. ఇంకా కిందికి పోతే అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామని ఒక ప్రకటన, బట్టతలకు నూనె అని మరొకటి. ఎవరో చక్కగా లోపలికి వచ్చి తమ అంగడి పెట్టుకుపోయారు. ఉరుకుందు ఫోటో నెత్తిన నూనె సీసా కూర్చుని ఉంది.

నా ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం బస్సులో ఎమ్మిగనూరు దాకా ఏమేం తిట్టాలో వరసగా కూర్చుకుంటూ పోయాను. దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టు అంటారు. ఈమె దొంగలందరినీ పిలిచి మరీ ఇచ్చింది.

"ఏమక్కా, నేనేం చెప్పినా, నువ్వేం చేసినావు?" అన్నాను, గదిలో కాలు పెట్టీ పెట్టకముందే.

"తాళం చెవి అంటివి గదా మేడమ్."

"అంటే? గోడమీద రాసిపెట్టమన్నానా?"

"సుగ్గికి పోయేటప్పుడు అందరమూ తాళం చెవి తలుపు పక్క గూట్లోనే పెట్టి పోతాం. ఎనకాల వచ్చే మనిషి తీసుకుంటాడు. ఈదిలో అందరికీ తెలుసు ఆడుంటాదని. ఎవురూ ముట్టరు." ఆమె గొంతులో తప్పు చేశానన్న భయం లేదు. నాకెందుకు కోపమొచ్చిందో అర్థంకాక అడుగుతోంది. "వాడు వచ్చి తలుపు కాడ నిలబడితే, లోపలికి ఎట్ల వస్తాడు, సెప్పు."

"మీ వీధిలో అందరూ మీవాళ్ళు. ఇక్కడికి వచ్చేది లోకమంతా. చూడు ఏం చేసినారో" అని నూనె సీసా చూపించాను.

ఆమె దాన్ని చూసింది. కోపం తెచ్చుకోలేదు. "పాపం, వాళ్ళకూ ఏదో పొట్టకూటి తిప్పలు" అంది. నేను పళ్ళు నూరుకుంటూ ప్రకటనలు తీసేశాను, ఆ లావు అక్షరాలు తీసేశాను, పాస్‌వర్డ్ మార్చేశాను. అంతా ముగించి ఆమె ఫోన్లో చూడమన్నాను.

"ఉండాదిలే మేడమ్, పోలేదు" అంది సంతోషంగా.

నిజమే, ఆమె ఫోన్లో పాత పేజీయే ఉంది. "అది నిజంగా లేదక్కా. నువ్వు మొన్న చూసినప్పుడు నీ బ్రౌజర్ ఒక నకలు దాచుకుంది. దాన్ని క్యాష్ అంటారు. మళ్ళీ మళ్ళీ దూరం పోయి తేకుండా, దాచుకున్నదే చూపిస్తుంది. ఇదిగో, ఈ గుండ్రటి బాణం నొక్కితే రిఫ్రెష్ అయి కొత్తది వస్తుంది" అని నొక్కాను. అక్షరాలు మాయమయ్యాయి.

ఆమె ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. "మళ్ళా తాళం ఏసినావా మేడమ్" అంది, మెల్లగా. "మొదట ఒకసారి నేనేసినా."

నేను చేసింది సరైన పనే. ఎవరినడిగినా అదే చెబుతారు. అయినా ఆ మాట నా వెంటే బస్సెక్కింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా కూడా ఏమీ బాగుండలేదు. తాళం ఉండాలి, ఒక్క మనిషికి మాత్రం తెరుచుకోవాలి. ఇంతమాత్రం చేయలేకపోతే నేను నేర్చుకున్న చదువెందుకు, తగలెయ్యడానికా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మంగళవారం పోగానే ఆమెను పక్కకు పిలిచాను. "మీ తమ్ముడి పేరుతో వేరే యూజర్‌ను తయారుచేస్తాను. ఒక్కొక్క యూజర్‌కు ఇంతే హక్కు అని పెట్టొచ్చు. అన్నీ చేయగలిగేవాళ్ళను అడ్మిన్ అంటారు, అది మనిద్దరం. మీ తమ్ముడు లోపలికి వచ్చి రాయొచ్చు, అంతవరకే. ఆయన రాసింది మనం ఒప్పుకుంటేనే బయటికి కనబడుతుంది. ఇప్పుడు పాస్‌వర్డ్ నువ్వు చెప్పు. మీ ఇద్దరికి తప్ప భూమ్మీద ఇంకెవరికీ తెలియనిది కావాలి."

ఆమె పెదవి చివర నవ్వు కదిలింది. "సిన్నప్పుడు వాడు అన్నం కాడ అలిగితే, మా అమ్మ వానిని ఒక పేరు పెట్టి పిలుస్తాండె. బయట ఎవురికీ తెలీదు. తెలిస్తే వాడు సిగ్గుతో సచ్చిపోతాడు."

ఆ పేరు నా చెవిలో చెప్పింది. నవ్వు ఆపుకోలేకపోయాను. ఇక్కడ రాయను, పాస్‌వర్డ్ కదా. ఇంగ్లీషులో అయితే ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారని తెలుగు అక్షరాల్లోనే పెట్టాం. పేజీ మీద ఇట్లా రాశాం: ఉరుకుందూ, ముందు నీ పేరు కొట్టు. అన్నం కాడ అలిగితే అమ్మ నిన్నేమని పిలుస్తాండెనో, అదే తాళం చెవి. ఆ యూజర్‌తో ఎవరైనా లాగిన్ అయితే నా సెంటర్ మెయిల్‌కు కబురు వచ్చేటట్టు కూడా ఏర్పాటు చేశాను.

రోజులు గడిచాయి. కబురు రాలేదు. వానా రాలేదు. ప్రతి క్లాసులోనూ హులిగెమ్మక్క నా ముఖం చూసేది, నేను తల అడ్డంగా ఊపేదాన్ని. "ఇంకా టైముందిలే" అని ఆమే నాకు ధైర్యం చెప్పేది. దసరాకు సెంటర్ మూసేసి పిల్లలతో మా పుట్టింటికి గూడూరు పోయాను. అక్కడ మెయిల్ జోలికే పోలేదు.

తిరిగొచ్చి సెంటర్ తెరిచి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కరెంటు బిల్లు మెయిళ్ళ మధ్య వరసగా ఒకే మాట: ఉరుకుందు లాగిన్ అయ్యారు. ఉరుకుందు లాగిన్ అయ్యారు. పండుగ మొదలైన రోజు నుంచి దాదాపు ప్రతిరోజూ ఉంది. ఫోన్ చేసి చెబుదామనుకుని నంబరు నొక్కి, మళ్ళీ ఆపేశాను. ఇది ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. క్లాసు లేని రోజే అయినా, ఆ మెయిల్ నా ఫోన్లోకి కూడా వచ్చేటట్టు పెట్టుకుని, సెంటర్‌కు తాళం వేసి ఎమ్మిగనూరు బస్సెక్కాను.

ఆమె ఇంటి ముందు గోనెసంచులు మూటలు కట్టి ఉన్నాయి. మర్నాడు సుగ్గి బండి వస్తుందట. నన్ను చూసి లేచి నిలబడింది. నేనేమీ చెప్పకముందే, "వచ్చినాడా?" అని అడిగింది.

"వచ్చినాడక్కా. లోపలికి వచ్చినాడు. పండుగ నుంచి దాదాపు రోజూ."

ఆమె గోనెసంచి మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

చర్చి గది తాళం తీసి కంప్యూటర్ వేశాం. పేజీ ఎట్లా ఉందో అట్లాగే ఉంది. కొత్త అక్షరం ఒక్కటీ లేదు.

"వచ్చి ఏం జేసినాడు?"

"ఏమీ చేసినట్టు లేదక్కా. చూసి పోయినాడు."

"ఇన్ని దినాలు వచ్చి, ఏమీ అనకుండా పోతాండాడా? వాడు అట్ల పోయేవాడు కాదు. బాగా సూడు."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రాసే హక్కు మాత్రమే ఇచ్చాను, బయటపెట్టే హక్కు మా దగ్గరే ఉంచుకున్నాను. అంటే ఆయన రాసింది పేజీలో కనబడదు. "ఉండక్కా. రాసి, ఇంకా బయటపెట్టనిదాన్ని డ్రాఫ్ట్ అంటారు. అది లోపల వేరే చోట ఉంటుంది" అంటూ అక్కడికి పోయాను. ఉంది. ఒకే ఒక డ్రాఫ్ట్, రోజూ కొంచెం కొంచెం దిద్దుకున్నట్టుంది.

చదవమని ఆమె నాకు చెప్పలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని తనే కూడబలుక్కుని పైకి చదివింది.

'అక్కా, ఆ ఫోటో తీసేయి. దాంట్లో దొంగోని మాదిరి ఉండా. నేను హోస్పేట కాడ లారీ తోలుతాండా. ఆ పొద్దు అమ్మకని షోలాపూర్‌లో సీర కొనుక్కోని వచ్చినా. అమ్మ లేదని నాకు ఈదిలోకి వచ్చిందాకా తెలీదు. ఆ సీర ఇంకా నాకాడే ఉండాది. ఎవురికియ్యాలో తెలీక పెట్టుకున్నా. నువ్వు కట్టుకుంటావా.'

చివరి మాట దగ్గర ఆమె ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈసారి పెదవులు మాత్రం కదిలాయి.

"తెలీదంట మేడమ్. వానికి తెలీనే తెలీదంట. సీర సంకలో పెట్టుకోని వచ్చిన బిడ్డను తలుపు కాడ నిలబెట్టి ఎంత మాటంటి" అంది. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

కొంతసేపటికి తమ్ముడు లోపలికి వచ్చిన వేళలు చూపించమంది. చూపించాను. అన్నీ మధ్యాహ్నం పూటే. "లారీ నిలిపి అన్నం తినేటప్పుడు సూస్తాండాడు" అంది. తర్వాత కీబోర్డు తన ముందుకు లాక్కుంది. "వాని మాట వానిదే, దాన్ని ఎవురికీ సూపియ్యొద్దు. నేను కొత్తది రాస్తా."

ఒక్క వేలు. ఒక్కో అక్షరానికి వెతుకులాట. రెండుమూడు సార్లు నా చెయ్యి దానంతటదే కీబోర్డు మీదికి పోయింది, లాక్కున్నాను. నా జన్మలో అంత ఓపిక పట్టింది లేదు. చివరికి తెర మీద ఇట్లా నిలబడింది:

'ఉరుకుందూ, ఆ పొద్దు నేనన్నది తప్పు. తప్పు నాది. ఇంటికి రా. సీర నువ్వే తెచ్చియ్యి, కట్టుకుంటా. మీ అక్క హులిగెమ్మ.'

"దీన్ని కూడా డ్రాఫ్ట్‌గానే ఉంచి సేవ్ కొడదామక్కా. ఆయనకు కనబడేటట్టు చేస్తాను" అన్నాను. "పబ్లిష్ అని నొక్కితే ఊరంతా చదువుతారు. ఇంటి మాట ఇంట్లోనే ఉంటుంది కదా."

ఆమె నా వైపు తిరిగింది. "గడప తొక్కొద్దని ఊరంతా ఇంటాండగా అన్నా మేడమ్. తప్పు నాదనేది గూడ ఊరంతా సూడాల. సాటుగా అంటే సెల్లదు. ఆ బటను యాడుండాది?"

చూపించాను. తనే నొక్కింది. పేజీ రిఫ్రెష్ చేశాను. హోమ్ పేజీలో, అన్నిటికన్నా పైన, ఆమె మాటలు వచ్చాయి. చిక్కీల వాళ్ళు చదువుతారు, భీమమ్మ చదువుతుంది, ఉరుకుంద బస్సుల డ్రైవర్లందరూ చదువుతారు. ఆమె దాన్ని ఒకసారి తేరిపార చూసి, ఇక చాలన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

మేం అక్కడే కూర్చున్నాం. బయట ఎండ గట్టిగా కాస్తోంది. ఇంటికి పోయి అన్నం తిందామని నేననలేదు, ఆమె అనలేదు. మధ్యాహ్నం ప్రార్థన కోసం ఎవరో గంట కొట్టి పోయారు. నా ఫోన్ బల్ల మీద గుర్రుమంది. తీసి చూశాను.

"అక్కా" అన్నాను. "ఇప్పుడే లోపలికి వచ్చినాడు. చదువుతున్నాడు."

హులిగెమ్మక్క గబుక్కున కుర్చీలోంచి లేచి నిలబడింది. కొంగు భుజం మీదికి సరిగ్గా లాక్కుంది. తాను కూర్చున్న కుర్చీని కొంచెం పక్కకు జరిపింది.

"రా అప్పా" అంది, కంప్యూటర్ వైపు చూస్తూ. "రా, కూసో."